తల్లి లేని ఒరాంగుటాన్ పిల్ల మళ్ళీ అడవి చేరాలంటే: క్వారంటైన్ నుంచి గూళ్ళ లెక్క దాకా

చిగురుకొమ్మ:
బోర్నియో, సుమత్రా పునరావాస కేంద్రాల వీడియోల్లో ఎప్పుడు చూసినా పాలసీసాలు, తోపుడుబండిలో కూర్చున్న ఒరాంగుటాన్ పిల్లలే. పాలు పట్టి పెంచి పెద్దయ్యాక అడవిలో వదిలేయడమే అయితే ఏడెనిమిదేళ్ళు ఎందుకు పడుతోంది? వదిలాక బతికిందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక్కో పిల్ల మీద అంత ఖర్చు పెట్టే బదులు ఆ డబ్బుతో అడవినే కాపాడొచ్చు కదా అన్నది మూడో ప్రశ్న. ఈ పని లోతుపాతులు తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

అడవిదారి:
చిగురుకొమ్మ గారూ, ఏడెనిమిదేళ్ళన్నది కేంద్రాలు పెట్టుకున్న గడువు కాదు, తల్లి పెట్టే గడువు. ఆడ ఒరాంగుటాన్ తొలి కాన్పు పదిహేనేళ్ళ ప్రాంతంలో. ఒక కాన్పుకీ ఇంకో కాన్పుకీ మధ్య ఏడెనిమిదేళ్ళ ఎడం. నేల మీది క్షీరదాల్లో ఇంత ఎడం ఇంక దేనికీ లేదు. దంతాల్లో పేరుకున్న బేరియం పొరలు చదివి చూస్తే కొన్ని పిల్లలు ఎనిమిదేళ్ళు దాటాక కూడా తల్లిపాలు తాగినట్టు 2017లో తేలింది. అన్నేళ్ళూ ఆ పిల్ల తల్లి నోటి దగ్గర మూతి పెట్టి ఏం తింటోందో వాసన చూస్తుంది, తల్లి గూడు పక్కనే బొమ్మ గూడు కట్టి ఆడుకుంటుంది. రెండేళ్ళ పిల్లను సంతలో అమ్మడానికి పట్టుకున్నారంటే తల్లిని చంపారనే అర్థం. బతికుండగా ఏ తల్లీ పిల్లను వదలదు.

మిగిలినవి ఎన్నో కూడా గుర్తుంచుకోవాలి. బోర్నియో, సుమత్రా జాతులతో పాటు 2017లో వేరు జాతిగా గుర్తించిన తపానులీ ఒరాంగుటాన్ ఉంది. ఉత్తర సుమత్రాలోని బతాంగ్ తోరు కొండల్లో 800 లోపే మిగిలాయి. మూడు జాతులూ అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్నవాటి జాబితాలోనే ఉన్నాయి. బోర్నియోలో 1999 నుంచి 2015 లోపు లక్షకు పైగా తగ్గిపోయాయని 2018లో వచ్చిన అంచనా. పదిహేనేళ్ళకు తల్లయ్యి, ఏడెనిమిదేళ్ళకొక పిల్లను కనే జీవి ఆ లోటును పూడ్చుకోలేదు.

మందులపెట్టె:
పిల్ల కేంద్రానికి వచ్చిన రోజు నుంచి మొదలుపెడతాను. తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే.

ఇళ్ళల్లో గొలుసుతో కట్టి పెంచిన పిల్లలకు అన్నం, తీపి డబ్బాపాలు పెట్టి ఉంటారు. పొట్ట ఉబ్బి, చేతులు పుల్లల్లా ఉంటాయి. జాలిపడి ఆ రోజే కడుపునిండా పాలు పట్టకూడదు. చాలాకాలం పస్తున్న ఒంట్లో ఒక్కసారిగా చక్కెర చేరితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె ఆగుతుంది. ముందు ఓఆర్ఎస్, తర్వాత పల్చగా కలిపిన శిశు పాలపొడి, దాన్ని కొన్ని రోజుల మీద చిక్కన చేస్తూ పోవాలి. పసిదైతే రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా. విరేచనాలు ఆగకపోతే లాక్టోజ్ లేని పొడికి మారాలి. వెల్లకిలా పడుకోబెట్టి పాలు పట్టడం అన్నిటికంటే ప్రమాదం. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆయా ఛాతీకి కరుచుకుని నిటారుగా ఉన్నప్పుడే సీసా ఇవ్వాలి. రోజూ ఒకే వేళకి తూకం. రెండు రోజులు వరుసగా బరువు తగ్గితే కారణం వెతకాల్సిందే.

క్వారంటైన్ కనీసం 30 రోజులు. పాత జంతువుల గాలి, నీళ్ళు, పనిముట్లు ఏవీ కలవకూడదు, మనుషులు కూడా వేరు. మలపరీక్షలో చాలామంది పొరపాటు పడేది స్ట్రాంగిలాయిడిస్ పురుగు దగ్గర. ఉప్పునీళ్ళలో తేలించే పద్ధతికి గుడ్లు దొరుకుతాయి, లార్వాలు సరిగా దొరకవు. గోరువెచ్చని నీళ్ళ గరాటులో మలాన్ని గుడ్డలో వేలాడదీసి, అడుగుకు దిగిన లార్వాలను చూసే బేర్‌మన్ పద్ధతి తప్పనిసరి. ఈ పురుగు ఒంట్లోనే మళ్ళీ మళ్ళీ పుట్టి పేగుల నుంచి ఊపిరితిత్తులకు పాకుతుంది, పసిపిల్లలను రోజుల్లో చంపుతుంది. ఐవర్‌మెక్టిన్ కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, రెండు వారాల తర్వాత ఇంకోసారి. మందు ఇచ్చి బోను నేల అలాగే తడిగా వదిలితే చేసిన పని అంతా వృథా. లార్వా చర్మం గుండానే లోపలికి పోతుంది. అందుకే బోను నేల ఎత్తుగా, మలం కిందికి జారేలా ఇనుప చువ్వలతో ఉండాలి.

చిగురుకొమ్మ:
మందులపెట్టె గారూ, టీబీ, హెపటైటిస్ బి పరీక్షలు పాజిటివ్ వస్తే ఆ జంతువు ఇక అడవికి పనికిరానట్టేనా?

మందులపెట్టె:
ఒక్క పరీక్షతో ఆ మాట అనకూడదు. టీబీకి చర్మంలో ట్యూబర్‌క్యులిన్ ఎక్కించి 24, 48, 72 గంటలకు వాపు చూస్తారు. ఒరాంగుటాన్‌లలో ఇది తప్పుడు పాజిటివ్‌లు ఇవ్వడంలో పేరుమోసింది. మట్టిలో, నీళ్ళలో ఉండే హానిలేని మైకోబాక్టీరియాకి కూడా చర్మం వాస్తుంది. వాపు చూసి ఆరోగ్యమైన జంతువును నెలల తరబడి ఒంటరిగా ఉంచడం దాని మనసుకు చేసే గాయం. అందుకే ఛాతీ ఎక్స్‌రే, మత్తులో ఊపిరితిత్తులు కడిగి తీసిన ద్రవం కల్చర్, రక్తపరీక్ష అన్నీ కలిపి చూసి తేల్చాలి.

హెపటైటిస్ బిలో ఇంకో చిక్కు. ఒరాంగుటాన్‌లకు సొంతంగా ఒక హెపటైటిస్ బి వైరస్ రకం ఉందని 1999లో బయటపడింది. మామూలు ల్యాబ్ కిట్ దాన్ని, మనుషుల వైరస్‌ను వేరు చేయలేదు. పాజిటివ్ వస్తే వైరస్ జన్యుక్రమం చదివించాలి. తమ జాతి వైరస్ అయితే అడవిలో ముందునుంచీ ఉన్నదే. మనిషిది అంటుకుని ఉంటే దాన్ని అడవికి మోసుకెళ్ళనివ్వకూడదు.

ఇక బయటికి కనబడని జబ్బు గొంతు సంచిది. ఒరాంగుటాన్ గొంతు కింద గాలిసంచి చంకల దాకా పాకి ఉంటుంది, స్వరపేటికకు చిన్న దారి ఉంటుంది. జలుబుతో మొదలైన చీము ఆ సంచిలో చేరి, పడుకున్నప్పుడు తిరిగి ఊపిరితిత్తుల్లోకి కారి న్యుమోనియా తెస్తుంది. నోటి దుర్వాసన, ఆగని ముక్కు కారడం, అప్పుడప్పుడూ దగ్గు కనిపిస్తే సంచిని తాకి చూసి, సూదితో ద్రవం తీసి కల్చర్‌కు పంపాలి. యాంటీబయాటిక్ ఆ సంచిలోకి సరిగా చేరదు. ముదిరితే సంచిని కోసి, అంచును చర్మానికి కుట్టి కొన్నాళ్ళు బయటికి కారనివ్వాలి. ఇలా పదేపదే తిరగబెట్టే జంతువును అడవికి పంపడం న్యాయం కాదు. అక్కడ దాని దగ్గు వినేవాళ్ళుండరు.

కొసరు మాట: జలుబున్న ఆయా ఆ రోజు పనికి రాకూడదు. జీతం కోసేస్తారన్న భయం ఉంటే జలుబు దాచి వస్తుంది. ఆ రోజు జీతం ఇచ్చి ఇంటికి పంపే నియమం ఉన్నచోటే మాస్కులు నిజంగా పనిచేస్తాయి.

ఆకుగూడు:
క్వారంటైన్ దాటాక ‘అడవి బడి’. పొద్దున్నే కేంద్రం దగ్గరి అడవికి తీసుకెళ్ళి, సాయంత్రం తిరిగి తెస్తారు. పసివాటికి మొదట నేర్పేది పైకెక్కడం. పిల్ల నేల మీద కూర్చుని ఆయా ఒళ్ళో ఆడుతుంటే పని జరగట్లేదని లెక్క. నేల మీద పురుగులు, మట్టి నుంచి సోకే మెలియాయిడోసిస్ జబ్బు క్రిమి, వేటకుక్కలు. తిండిని ఎప్పుడూ చెట్టు మీదే, రోజూ వేరే చెట్టు మీద పెట్టాలి. ఒకే చోట పెడితే వేళకి వచ్చి కింద కూర్చునే అలవాటు పడుతుంది.

గూడు కట్టడం అన్నిటికంటే కష్టమైన చదువు. మంచి గూడు అంటే: కొమ్మల పంగ ఎంచుకుని, నిలబడ్డ చోటు నుంచి చుట్టూ ఉన్న లావు కొమ్మలను తన వైపు వంచాలి. వాటిని పూర్తిగా విరవకూడదు. పచ్చికొమ్మ సగం విరిగి, పీచు పట్టుతో వేలాడుతున్నప్పుడే అది చట్రంలా బిగుస్తుంది. సన్నకొమ్మలను మాత్రం పూర్తిగా తుంచి, ఆకులతో పరుపు పరుస్తుంది. అడవిపిల్ల ఏడాది వయసులోపే ఆటగా మొదలుపెట్టి, మూడు నాలుగేళ్ళకు నిలబడే గూడు కడుతుంది. కేంద్రంలోని పిల్లలు చేసే తప్పు ఒకటే రకం. లావు కొమ్మను ఫట్‌మని విరిచి ఒకదాని మీద ఒకటి పేరుస్తాయి. కూర్చోగానే కిందికి జారిపోతుంది. దీన్ని ఆయాలు కొంతవరకే నేర్పగలరు. తనకంటే ఏడాది రెండేళ్ళు పెద్దదాని పక్కన వదిలితే త్వరగా వస్తుంది. అందుకే వయసు వారీగా మాత్రమే గుంపులు కట్టడం తప్పు. ప్రతి గుంపులో గూడు తెలిసినది ఒకటైనా ఉండాలి.

తిండి సంగతి. బోర్నియోలో అవి తినే మొక్కల జాతులు మూడు వందలు దాటతాయి. మర్రి, మేడి జాతి కాయలు ఏడాది పొడుగునా ఆదుకుంటాయి. పనస జాతి పళ్ళు, దురియాన్ కాలానికొకసారి. పిల్లలకు పళ్ళు నేర్పడం తేలిక. కష్టకాలపు తిండే నేర్పాలి: బెరడు పళ్ళతో గీకి లోపలి మెత్తని పొర తినడం, పేము చిగుళ్ళ ముళ్ళు తప్పించుకుని మొవ్వు లాగడం, మొగలి, అల్లం జాతి కాడల అడుగు కొరకడం, ఎండుకట్టె విరిచి చెదలు పీల్చడం. బోర్నియోలో డిప్టెరోకార్ప్ చెట్లు ఏళ్ళ తరబడి ఊరుకుని, ఒకే ఏడాది అడవంతా ఒక్కసారిగా కాస్తాయి. తర్వాత నెలల తరబడి కరువు. ఆ కరువులో బెరడు తినడం రానిది చచ్చిపోతుంది. బడిలో నెలకోసారి ప్రతి పిల్లకూ ఏ జాతులు తిన్నదో పేరు పేరునా రాసే పుస్తకం ఉండాలి. ‘పళ్ళు బాగా తింటోంది’ అన్న రాత వల్ల ఉపయోగం లేదు.

పాములంటే భయం కూడా నేర్పాలి. రబ్బరు పామును దారిలో పెట్టి, ఆయాలు దాన్ని చూసి గట్టిగా అరిచి పారిపోతారు. పిల్లలు భయాన్ని చూసి నేర్చుకుంటాయి.

నీటిగట్టు:
బడి తర్వాత దీవులు. ఒరాంగుటాన్‌కి ఈత రాదు, నదే కంచె. బోర్నియోలో ఇండోనేషియా భాగాన్ని కాలిమంతాన్ అంటారు. అందులోని సెంట్రల్ కాలిమంతాన్‌లో కహయాన్ నది మీద సలాత్ దీవి లాంటిచోట్ల, రెండు వేల హెక్టార్లకు పైగా, అడవిలో ఉన్నట్టే తిరగనిచ్చి పరీక్షిస్తారు. ఆయా ఉండదు, రాత్రి బోను ఉండదు. దూరం నుంచి పడవలో వచ్చి వేదిక మీద కొంచెం తిండి పెట్టి వెళ్తారు. దీవి ఎంచుకునేటప్పుడు వర్షాకాలం నీటిమట్టం చూసి మురిసిపోకూడదు. ఎండాకాలంలో నది ఎంత సన్నబడుతుందో, ఇసుక మేటలు ఎక్కడ తేలతాయో, నీళ్ళ మీద వాలిన చెట్లు అవతలి ఒడ్డుకు వంతెన అవుతాయా అన్నది ఏటా చూడాలి.

అక్కడ తేలేవి మూడు: వేదిక మీది తిండి లేకుండా ఎన్ని రోజులు బరువు నిలుపుకుంది, ప్రతి సాయంత్రం గూడు కట్టిందా, పడవ చూస్తే పారిపోతోందా, దగ్గరికొస్తోందా. మనిషి దగ్గరికి చేయి చాపేది అడవిలో పల్లె జోలికి వెళ్తుంది, దెబ్బలు తింటుంది.

అడవిదారి:
విడుదల గురించి నేను కొంత. మెడకు పట్టీ కట్టి రేడియో పెట్టడం ఒరాంగుటాన్‌కి కుదరదు. గొంతు సంచి ఉబ్బుతుంది, మగవాటి మెడ లావవుతుంది, చేతులతో పీకేస్తాయి. భుజం ఎముకల మధ్య వదులు చర్మం కింద చిన్న ట్రాన్స్‌మిటర్ పెడతారు. కుట్లు బయటికి కనబడకుండా చర్మం లోపల వేయాలి. లేకపోతే పక్క జంతువే గిల్లి విప్పేస్తుంది. గాయం మానడానికి వారాలు పడుతుంది కాబట్టి ఈ పని ప్రయాణం ముందురోజు చేయకూడదు. కొండల్లో సిగ్నల్ గుట్టలకు తగిలి తిరిగొచ్చి తప్పు దిక్కు చూపిస్తుంది. ఒకే చోటు నుంచి విని నడిచేవాళ్ళు లోయ మారిపోతారు. గుట్ట నెత్తి మీద నుంచి, కనీసం రెండు మూడు చోట్ల విని గీతలు కలపాలి.

వదిలాక తెల్లవారి గూడు దిగినప్పటి నుంచి సాయంత్రం గూడు ఎక్కేదాకా వెంట నడుస్తారు. రెండు నిమిషాలకొకసారి ఆ క్షణాన ఏం చేస్తోందో, ఎంత ఎత్తులో ఉందో రాస్తారు. మొదటి రెండు మూడు నెలలు ఇలా దాదాపు రోజూ. సాయంత్రం గూడు కింద ప్లాస్టిక్ పరిచి మూత్రం పట్టి, చక్కెర జబ్బువాళ్ళు వాడే కాగితం ముక్కతో కీటోన్లు చూస్తారు. బోర్నియోలోని గునుంగ్ పాలుంగ్ అడవిలో షెరిల్ నాట్ అనే పరిశోధకురాలు 1990లలో చూపించింది ఇదే. పళ్ళు లేని నెలల్లో అడవి ఒరాంగుటాన్‌లే ఒంట్లో కొవ్వు కరిగించుకుని బతుకుతాయి, మూత్రంలో కీటోన్లు వస్తాయి. కొత్తగా వదిలినదానికి పళ్ళున్న కాలంలోనే కీటోన్లు కనిపిస్తే దానికి తిండి వెతకడం రాలేదని అర్థం. అప్పుడు పళ్ళ మూట మోసుకెళ్ళి ఆదుకోవాలి, లేదా తిరిగి తేవాలి. అందుకే పళ్ళు మొదలయ్యే నెలలో వదలాలి. హెలికాప్టర్ ఖాళీ దొరికిన నెల చూసి వదిలితే తర్వాత బాధపడేది ఆ జంతువే.

గెలలతోట:
అన్నా, నాకొక అనుమానం. మలేషియా వైపు బోర్నియోలో, సబా రాష్ట్రంలోని సెపిలోక్ పునరావాస కేంద్రం 1964 నుంచి ఉంది. పక్కనే 43 చదరపు కిలోమీటర్ల అడవి. అంత తేలిగ్గా పక్క అడవిలో వదిలేస్తుంటే కాలిమంతాన్‌వాళ్ళు హెలికాప్టర్లలో మోసుకెళ్ళడం దేనికి?

అడవిదారి:
ఇండోనేషియాలో 1995 నుంచి నియమం మారింది. అడవి ఒరాంగుటాన్‌లు ఇప్పటికే ఉన్నచోట పునరావాస జంతువులను వదలకూడదు. మనిషి జబ్బులు అడవి గుంపుకు అంటకూడదన్నది ఒక కారణం, ఉన్నవాటి తిండికి పోటీ పెట్టకూడదన్నది రెండోది. అందుకే అవి పూర్తిగా పోయిన అడవులను వెతుకుతారు: సుమత్రాలోని అచెలో జాంతో, జంబిలో బుకిత్ తిగాపులుహ్, 2012 నుంచి తూర్పు కాలిమంతాన్‌లో కెహ్‌జె సెవెన్, సెంట్రల్ కాలిమంతాన్‌లో బాతికాప్. ముందు అడగాల్సిన ప్రశ్న ‘ఇక్కడ ఎందుకు పోయాయి’. వేట వల్ల పోతే, ఆ వేట ఆగిందా? ఎత్తైన కొండల్లో పళ్ళు తక్కువ. పటంలో పచ్చగా కనిపించిందని వదిలితే మనం వాటిని పస్తుకు పంపినట్టే.

ఉపజాతి కూడా ముఖ్యం. బోర్నియోలో మూడు ఉపజాతులున్నాయి. సెంట్రల్ కాలిమంతాన్‌లోని తంజుంగ్ పుతింగ్ అడవిలో క్యాంప్ లీకీ అనే శిబిరం దగ్గర తొలి దశాబ్దాల్లో వదిలినవాటిలో వేరే ప్రాంతపు ఉపజాతి జంతువులు రెండు ఉన్నాయని, వాటి సంకర సంతానం కనీసం 22 దాకా తేలిందని 2016లో జన్యు అధ్యయనం వచ్చింది. 1970లలో ఆ పరీక్ష చేసే దారి లేదు, అప్పటివాళ్ళను తప్పుపట్టను. ఇప్పుడు వెంట్రుక కుదురు పంపిస్తే సరిపోతుంది. చేయకపోతే మాత్రం తప్పే.

ఆకుగూడు:
ఆయిల్‌పామ్ తోటల్లో చిక్కుకున్న పెద్దవాటిని పట్టి వేరే అడవిలో వదలడం గురించి కూడా చెప్పాలి. టీవీలో దాన్ని ‘రక్షణ’ అంటారు. నా అభిప్రాయం: అది చివరి దారి. ఆడ ఒరాంగుటాన్‌లు పుట్టిన చోటు దగ్గరే, తల్లి పక్కనే స్థిరపడతాయి. కొత్త అడవిలో దింపితే వేరే ఆడవాటి ఇలాకాలో పడి తరిమేయబడతాయి. ఏ చెట్టు ఏ నెలలో కాస్తుందన్న జ్ఞాపకమంతా పాత అడవిదే. పైగా చెట్టు మీదున్నదానికి మత్తు బాణం వేస్తే అది పంగలో ఇరుక్కోవచ్చు, వల తప్పి నేల మీద పడితే ఎముకలు విరగొచ్చు. తోట మధ్య పది చెట్ల ముక్కలో తిండి లేక చిక్కినదైతే తప్పదు. తోట అంచున అడవి ఉండి, అప్పుడప్పుడూ గెలలు కొరుకుతున్నదైతే దాన్ని అక్కడే ఉండనిచ్చి రైతు నష్టం సంగతి చూడాలి.

నీటిగట్టు:
ఆ మాటలో సగమే ఒప్పుకుంటాను ఆకుగూడు గారూ. 2019లో అచెలో ‘హోప్’ అని పేరుపెట్టిన తల్లి ఒరాంగుటాన్ ఒంట్లో 74 ఎయిర్‌గన్ గుళ్ళు దొరికాయి. రెండు కళ్ళూ పోయాయి, పిల్ల చనిపోయింది. తుపాకులున్న ఊళ్ళో ‘అక్కడే ఉండనిద్దాం’ అంటే అంతే.

ఆకుగూడు:
తుపాకులుంటే ఏ దారీ పనిచేయదు, దాంట్లో నాకు మీతో పేచీ లేదు. కానీ ఒక ఒరాంగుటాన్‌ను అక్కడి నుంచి తీసేసిన మర్నాడు అదే చోటికి ఇంకో మగది వస్తుంది. సబాలోని కినబాతంగాన్ చూడండి. అక్కడ అడవి ముక్కలు ముక్కలై తోటల మధ్య ఇరుక్కుని ఉంది, అయినా వందల సంఖ్యలో ఒరాంగుటాన్‌లు బతుకుతున్నాయి. హుతాన్ అనే సంస్థ 1998 నుంచి ఆ ఊరివాళ్ళతోనే పనిచేస్తోంది. ఒడ్డున పెద్దచెట్లు కొట్టేశాక చిన్న ఏర్లు కూడా దాటలేని గోడలయ్యాయి. పాత అగ్నిమాపక గొట్టాలతో, తాళ్ళతో ఏటికి అడ్డంగా వంతెనలు కట్టారు. 2010లో ఒరాంగుటాన్ దాని మీద దాటుతూ ఫోటోకి చిక్కింది. వంతెన కట్టే చెట్టు నీటికోతకు పడిపోయేది కాకూడదు, ముడులు చెట్టు లావెక్కే కొద్దీ కోసుకుపోకుండా ఏటా సడలించాలి. అది తాత్కాలికమే. వంతెన పక్కనే ఒడ్డున నాటిన చెట్లు పెరిగి కొమ్మలు కలిసిన రోజు తాడు విప్పేయొచ్చు.

నీటిగట్టు:
ఇక చిగురుకొమ్మ గారి మూడో ప్రశ్న. ఇండోనేషియాలో అడవి ‘కొనడం’ కుదరదు, అది ప్రభుత్వానిది. కలప కంపెనీలు లీజు తీసుకున్నట్టే, నరకకుండా బాగుచేయడానికి దీర్ఘకాలపు లైసెన్సు తీసుకోవచ్చు. కెహ్‌జె సెవెన్ 86,450 హెక్టార్లు అలా 2010లో చేతికొచ్చినవే. కాబట్టి కేంద్రమా, అడవా అన్న పోటీ కాదు. వదలడానికి అడవి కావాలి కాబట్టే ఆ లైసెన్సు తీసుకున్నారు.

పాడైన అడవిని బాగుచేయడంలో అన్నిటికంటే పెద్ద పని పీట్ నేలలది. వేల ఏళ్ళుగా నీళ్ళలో మునిగి కుళ్ళకుండా పేరుకున్న ఆకులు, కట్టెలే ఆ నేల, కొన్నిచోట్ల పది మీటర్ల లోతు. 1996లో సెంట్రల్ కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్లు వరి పొలాలు చేద్దామని నాలుగు వేల కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. వరి పండలేదు, నీళ్ళు దిగిపోయాయి, పీట్ ఎండి అంటుకుంది. 2015లో ఇండోనేషియా అంతటా కలిపి 26 లక్షల హెక్టార్లు కాలాయి. ఈ నేల మంట పైన ఆరినట్టు కనిపించి లోపల పాకుతుంది. నీళ్ళు చల్లితే చాలదు, నానబెట్టాలి.

మందు ఒకటే: కాలువలకు అడ్డుకట్టలు. గెలాం అనే చిత్తడినేల చెట్టు దుంగలు రెండు వరుసల్లో దగ్గరగా పాతి, లోపలివైపు జియోటెక్స్‌టైల్ గుడ్డ కప్పి, మధ్యలో మట్టి సంచులు కూరాలి. మన చెరువులకున్నట్టే మధ్యలో అలుగు వదలాలి, అలుగు దిగువన నీళ్ళు పడేచోట దుంగలు పరవాలి. తెగిపోయే కట్టలన్నీ దాదాపు ఒకే కారణంతో తెగుతాయి. పీట్ స్పాంజిలాంటిది, నీళ్ళు కట్ట మీద నుంచి రావు, పక్క గట్టులోంచి దారి చేసుకుంటాయి. కాబట్టి కట్ట రెక్కలను రెండు గట్లలోకీ మీటర్ల లోపలికి చొప్పించాలి. కట్టకు అటూ ఇటూ నీటి ఎత్తు తేడా పావు మీటరు మించనివ్వకూడదు. కాలువ వాలు కిలోమీటరుకు అర మీటరు అయితే 500 మీటర్లకొక కట్ట అన్నమాట. ఎగువ నుంచి దిగువకు కట్టుకుంటూ రావాలి. దిగువ కట్ట ముందు కడితే కాలువ నీళ్ళన్నీ దాని మీదే పడతాయి.

ఇంకో కారణం మనుషులు. ఆ కాలువలే ఊరివాళ్ళ దారి. పడవ పోనివ్వకుండా కడితే రాత్రికి రాత్రి కోసేస్తారు, వాళ్ళ తప్పూ కాదు. పడవ జారేలా అలుగు దగ్గర వాలు పెట్టాలి, ఎక్కడ కట్టాలో చేపలు పట్టేవాళ్ళతో నడిచి నిర్ణయించాలి. ఇండోనేషియా చట్టం ప్రకారం పీట్‌లో నీరు నేల పైనుంచి 40 సెంటీమీటర్ల కంటే కిందికి దిగకూడదు. చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టాలు కాలువ నుంచి దూరంగా ఒకే వరుసలో పాతి కొలుస్తారు. కాలువ ఒడ్డున ఒక్క గొట్టం పెట్టి కొలిస్తే ఆ లెక్క లోపలి నేల సంగతి చెప్పదు.

చిగురుకొమ్మ:
నీళ్ళు నిలబడ్డాక చెట్లు వాటంతటవే వస్తాయా?

నీటిగట్టు:
పక్కన అడవి మిగిలి ఉంటే వస్తాయి. రెండు మూడుసార్లు కాలిన చోట ఫెర్న్‌లు మెడలోతు అల్లుకుంటాయి, విత్తనం నేలను తాకదు. అక్కడ పీట్ నేలకు తట్టుకునే బలంగెరాన్, జెలుతుంగ్ చెట్ల నారు నాటాలి. నారు వాననీటి మట్టం కంటే పొడుగ్గా ఉండాలి. చిగురు మునిగితే రెండు వారాల్లో చస్తుంది. మూడు మీటర్ల ఎడంలో హెక్టారుకు 1,111 మొక్కలు. పొట్టినారును వేలల్లో నాటి ఫోటో తీసుకోవడం కన్నా, ఎత్తైన మట్టిదిబ్బ మీద తక్కువ నాటి రెండు మూడేళ్ళు ఫెర్న్ కోయడం మేలు. జెలుతుంగ్ పాలకు ధర ఉంది కాబట్టి ఊరివాళ్ళు దాన్ని కాపాడతారు.

పీట్ కాని గట్టినేలలో శత్రువు అలాంగ్-అలాంగ్ గడ్డి. మన బీళ్ళలో కూడా ఉంటుంది, కొన్నిచోట్ల దర్భ అనే అంటారు. కాలితే ఇంకా బలంగా లేస్తుంది, నీడ పడితే చస్తుంది. ముందు త్వరగా పెరిగే మకరంగాలాంటివి వేసి నీడ తెచ్చి, ఆ నీడలో డిప్టెరోకార్ప్‌లు పెట్టాలి. వాటి విత్తనం దాచి ఉంచలేం, కొద్దిరోజుల్లోనే మొలకశక్తి పోతుంది. కాపు ఏడాది తల్లిచెట్టు కింద మొలిచిన నారునే తీసుకోవాలి, ఆ చెట్టు కింది మట్టి కూడా కొంచెం సంచిలో కలపాలి. వేళ్ళతో కలిసి బతికే శిలీంధ్రం ఆ మట్టిలోనే ఉంటుంది.

గెలలతోట:
పామాయిల్ మాట ఎవరో ఒకరు ఎత్తాలి కాబట్టి నేనే ఎత్తుతా. ప్రపంచంలో పామాయిల్ అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకునేది మన దేశం. కాకినాడ రేవులో దిగి శుద్ధయ్యి మిర్చి బజ్జీల మూకుడు దాకా వస్తుంది. మరోపక్క ఏలూరు, అశ్వారావుపేటల్లో మన రైతులే గెలలు పండిస్తున్నారు. 2021లో 11,040 కోట్లతో కేంద్రం ఆయిల్‌పామ్ మిషన్ పెట్టింది. మరి మానేయమంటారా?

అడవిదారి:
మానేయమని నేను చెప్పను. ఆయిల్‌పామ్ హెక్టారుకు మూడు నాలుగు టన్నుల నూనె ఇస్తుంది, సోయా అర టన్ను. అందరూ సోయాకు మారితే అదే నూనెకు ఇంకా ఎక్కువ నేల కావాలి. ఏలూరు జిల్లాలో చెరకో, కొబ్బరో ఉన్న పొలంలో పెట్టిన ఆయిల్‌పామ్‌కీ, పీట్ అడవి నరికి పెట్టినదానికీ పోలిక లేదు. మన దగ్గర దాని బాకీ నీళ్ళకి, అడవికి కాదు. కొత్త తోటలు ఈశాన్య రాష్ట్రాల కొండల్లోకి, అండమాన్‌కి పోకుండా చూడమని అడగడం మనం చేయగల పని.

దిగుమతి నూనె సంగతికొస్తే, అడవికి హాని లేని పామాయిల్‌ను ధ్రువీకరించే ఆర్‌ఎస్‌పీఓ అనే సంస్థ 2004లో మొదలైంది, తన ధ్రువీకరణలో 2018లో అడవి నరకకూడదన్న షరతు గట్టిగా చేర్చింది. ముద్ర ఒకటే అయినా లోపల తేడా ఉంది. ‘సెగ్రిగేటెడ్’ అంటే ధ్రువీకరించిన నూనె వేరుగా వచ్చింది. ‘మాస్ బ్యాలెన్స్’ అంటే మామూలు నూనెతో కలిసిపోయింది, లెక్కలో మాత్రం సరిపెట్టారు. కంపెనీకి ఉత్తరం రాసేటప్పుడు ‘పామాయిల్ వాడతారా’ అని కాక ‘ఏ పద్ధతిలో కొంటున్నారు, ఏ మిల్లు నుంచి’ అని అడగండి. మిల్లు పేరు చెప్పగలిగితే ఉపగ్రహ చిత్రంలో దాని చుట్టూ ఏం నరికారో చూడొచ్చు.

లెక్కలపుస్తకం:
ఒక ముక్క. అడవిలో ఎన్ని ఉన్నాయన్న లెక్క జంతువుల్ని చూసి కాదు, గూళ్ళను చూసి వేస్తారు. తిన్నని గీత మీద నడుస్తూ ప్రతి గూడూ, గీత నుంచి దాని దూరమూ రాస్తారు. గూళ్ళ సంఖ్యను ఐదింటి గుణకారంతో భాగించాలి: నడిచిన పొడవు, రెండువైపులా కనబడే వెడల్పు, గూడు కట్టే వయసున్నవాటి వాటా, రోజుకు కట్టే గూళ్ళు, గూడు రాలిపోవడానికి పట్టే రోజులు. అర్థం కావడానికి ఊహా లెక్క ఒకటి: 5 కిలోమీటర్లు, రెండువైపులా కలిపి 30 మీటర్లు, 60 గూళ్ళు, వాటా 0.9, రోజుకు 1.1, రాలడానికి 250 రోజులు. చదరపు కిలోమీటరుకు 1.6 వస్తుంది. రాలడానికి 400 రోజులు పడుతుందనుకుంటే అదే నడకకు 1.0. అంటే వేరే అడవి నుంచి రాలే రోజులు అరువు తెచ్చుకుంటే మూడో వంతుకు పైగా జంతువులు కాగితం మీదే పుడతాయి, చస్తాయి. చెక్క గట్టిదనం, వాన, నేల ఆమ్లత అన్నీ దాన్ని మారుస్తాయి. రెండు నివేదికల్లో సంఖ్యలు పోల్చే ముందు ఈ ఒక్క సంఖ్య ఎక్కడి నుంచి తెచ్చారో చూడండి.

చిగురుకొమ్మ:
అందరికీ ధన్యవాదాలు. ఆఖరి ప్రశ్న. మా బంధువులు మలేషియాలో ఉన్నారు, సెపిలోక్ చూడ్డానికి వెళ్తున్నారు. వాలంటీరుగా పనిచేసే అవకాశాలు కూడా వెతుకుతున్నారు. ఏం చూసుకోవాలి?

మందులపెట్టె:
దగ్గు, జలుబు, జ్వరం, నోటి దగ్గర పొక్కు ఏది ఉన్నా ఆ రోజు వెళ్ళొద్దని చెప్పండి. నోటి పొక్కు వైరస్ కూడా వాటికి అంటుతుంది. అడవి దారిలో ఎదురైతే కనీసం పది మీటర్ల దూరం, అది దగ్గరికొస్తే మనమే వెనక్కి. తిండి చేతిలో ఉంచుకోవద్దు, తొక్కలు పారేయొద్దు.

వాలంటీరు పనికి డబ్బు కట్టే ముందు ఒక్కటి అడగండి: పిల్లలను ఎత్తుకోనిస్తారా అని. ‘అవును’ అంటే ఆ చోటు వదిలేయండి. రెండు వారాలకొక కొత్త ఒడి మారితే పిల్లకు ప్రతిసారీ తల్లి పోయినట్టే, పైగా కొత్త జబ్బులు. మంచి కేంద్రాలు బయటినుంచి వచ్చినవాళ్ళకు బోనులు కట్టడం, తాళ్ళు అల్లడం, నర్సరీ సంచులు నింపడం, నీటి గొట్టాలు వేయడం ఇస్తాయి. ఎత్తుకునేది ఏళ్ళ తరబడి ఉండే ఊరి ఆయాలే. వెల్డింగ్ వచ్చినవాళ్ళు మీ బంధువుల్లో ఉంటే ఆ సంగతి దరఖాస్తులో ముందే రాయమనండి. బోను గొళ్ళేలు సరిచేసే చేతులకు అక్కడ ఎప్పుడూ పని ఉంటుంది.